తాత నాటి డబుల్ బ్యారెల్ మొరాయిస్తే

దేవరకద్ర దిక్కు మాకు పల్లి చేనుంది, అడవిపందులను బెదిరియ్యనికి తాత తీసుకున్న పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్స్ మార్పించుకుంటే నాకొచ్చింది. ఇది బర్మార్ లెక్క మూతిల నుంచి మందు కూరేది కాదు, నడుమ విరిచి ఎనక నుంచి కార్టూస్ (తూటా) పెట్టేది, లైసెన్స్ మీద డీబీబీఎల్ అని రాస్తరే అది. ట్రిగ్గర్ నొక్కినా పేలనప్పుడు తప్ప, ఏం చూడాలన్నా ముందుగాల విరిచి రెండు చాంబర్లు, అంటే కార్టూస్ కూసునే జాగలు, ఖాళీగున్నయా అని కంటితోటి చూడున్రి.

మళ్ల మూతపడ్తలేదా? కార్టూస్ అంచు సరిగ కూసోలేదు, లేకుంటే ఎక్స్‌ట్రాక్టర్ (కార్టూస్‌ను బయటికి నూకేది) కింద చెత్తున్నది. పాత టూత్‌బ్రష్ చాలు. మోకాలుకేసి గుద్దొద్దు.

ఖోఖా, అంటే పేలినంక మిగిలే ఖాళీ డొల్ల, ఇరుక్కుంటే చాంబర్‌ల తుప్పు పట్టి ఉండొచ్చు. 2023ల ఎలక్షన్లకు గన్ను జమ చేస్తే నాకు వాపసు వచ్చేసరికి లోపల ఎర్రగైంది, అందుకే ఇచ్చే ముందే నూనె గుడ్డ తిప్పాలె.

ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊకున్నదా, అప్పుడే విరిచి చూడొద్దన్నా! కొన్ని కార్టూసులు ఆలస్యంగ పేల్తయి. మూతి మనుషులు లేని దిక్కే ఉంచి ఒకటి నుంచి అరవై దాంక లెక్కపెట్టి అప్పుడు తియ్యాలె. తీసినంక కార్టూస్ ఎనక టోపీ (పిన్ను తగిలే జాగ) చూడున్రి, గుంట లోతుగుంటే కార్టూస్‌దే తప్పు, సన్నగ గీరినట్టుంటే పిన్ను అరిగింది, లేకుంటే స్ప్రింగ్ మెత్తవడ్డది, అది గన్ షాపాయన పని.

అన్నిట్ల ఖతర్నాక్ ఏందంటే పేలుడు తుస్సుమనుడు. లోపలి అట్ట బిళ్ల బ్యారెల్‌లనే ఆగిపోయి ఉండొచ్చు, దాని ఎనక ఇంకోటి పేల్చినవంటే బ్యారెల్ పగుల్తది. ఆపి, రెండు కార్టూసులు తీసి, ఎనక నుంచి వెల్తురుకు పెట్టి చూడు, గుండ్రంగ ఆకాశం కనవడకపోతే ఏదో అడ్డమున్నట్టే.

ఈ మధ్య భుజానికి దెబ్బ ఎక్కువైతుందంటే కార్టూస్ పొడుగు చూడాలె. పాత గన్నులకు చాంబర్ చానా వాటికి 65 మిల్లీమీటర్లే, దుకాణంల ఇచ్చేది 70ది కావొచ్చు. తమాషా ఏందంటే అది గూడ మంచిగనే లోపలికి పోతది, గన్ను మూతపడ్తది, ఎందుకంటే ఆ 70 లెక్క కాల్చినంక కార్టూస్ మూతి విచ్చుకున్నప్పటిది. విచ్చుకునే జాగ లేక ప్రెషర్ పెరుగుతది. నేను రెండేండ్లు గట్లనే పేల్చిన, ఓసారి ఖోఖా మూతి చిరిగి వస్తే అప్పుడు స్కేలు తీసి కొలిచిన.