దత్తత తెచ్చిన వీధికుక్క: తొలి నెలల సమస్యలు, వాటి పరిష్కారాలు

హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్ వంటి జంతు సంరక్షణ సంస్థల నుంచి గాని, దెబ్బ తగిలిన కుక్కను కోలుకునేదాకా ఇంట్లో సాకే వ్యక్తుల నుంచి గాని దత్తత తెచ్చుకునేది చాలావరకు మన నాటు కుక్కనే. దానికి వీధి తెలుసు కాని ఇల్లు తెలియదు. ఆ కొత్తదనం వల్ల వచ్చే ఇబ్బందులను మొండితనంగా భావించి, నెల తిరగకుండానే కుక్కను వెనక్కి ఇచ్చేసేవారున్నారు. నా అనుభవంలో వాటిలో ఎక్కువ భాగానికి భయం కారణం, మిగిలినవాటిలో చాలావాటికి జబ్బు కారణం. అందుచేత ఏ లక్షణం కనిపించినా ముందు ఒంటిని, తరువాత భయాన్ని, ఆఖరున అలవాట్లను పరిశీలించాలి.

మంచం కింద నుంచి రాదు, తిండి ముట్టదు

వీధిలో లారీల మధ్య నిర్భయంగా తిరిగిన కుక్క ఇంట్లో తిరుగుతున్న ఫ్యానును చూసి, కుక్కర్ విజిల్ విని, మిక్సీ మోతకు వణికిపోతుంది. నున్నటి గ్రానైట్ నేల మీద కాళ్లు జారడం వల్ల కొన్ని కుక్కలు గది దాటి అడుగు వేయవు. ఒక మూల గోనెపట్టానో పాత దుప్పటో పరిచి, నీళ్లూ తిండీ దగ్గరలో పెట్టి, అది నడిచే దారిలో జారని చాపలు వేస్తే సగం సమస్య తీరుతుంది. చెయ్యి పెట్టి బయటికి లాగకూడదు. దానికి ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి నేల మీద కూర్చోవడం మేలు. కొత్త కుక్కను చూడటానికి బంధువులను పిలిచే సరదాను కొన్నాళ్లు వాయిదా వేయాలి. బెరుకు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి 3 నెలలు అని కుక్కలను సాకేవాళ్లు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. తిండి విషయంలో, అంతకుముందు తిన్నదే వారం రోజులు పెట్టి, కొత్తది కొంచెం కొంచెంగా కలపాలి. ఎదిగిన కుక్క రోజు దాటినా ఏమీ తినకపోయినా, పిల్ల ఒక పూట మాని నీరసించినా అది బెరుకేనని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించాలి.

నీరసం, జ్వరం, పాలిపోయిన చిగుళ్లు

కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది కాబట్టి, మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం అనుకోనక్కరలేదు. దానికి మించి ఉండి, చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి రక్తం వస్తే పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్ని అనుమానించాలి. రక్త పరీక్ష చేయించి, వైద్యుడు రాసిన మందును, మూడో రోజుకే కుక్క గంతులు వేసినా సరే, చెప్పిన గడువంతా వాడాలి. పిడుదులు గోడ పగుళ్లలో కూడా గుడ్లు పెడతాయి. అందుకే ఒంటి మీద మందు రాసి ఊరుకుంటే అవి మళ్లీ వస్తాయి. మన ఇళ్లలో ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు ప్రమాదకరమైనవి కనుక సొంత వైద్యం వద్దు.

కుక్కపిల్లకు వాంతులతో పాటు నెత్తుటి విరేచనాలు అయితే అది పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు, అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఇంతకుముందు పార్వోతో పిల్ల చనిపోయిన ఇంటికి టీకాలు పూర్తి కాని పిల్లను తీసుకురాకూడదు.

ఇంట్లోనే మూత్రం పోయడం

లోపలకీ బయటకీ తేడా ఉందని దానికి ఎవరూ నేర్పలేదు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్న తరువాత బయటికి తీసుకువెళ్లి, అక్కడ పని ముగించగానే చిరుతిండి ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే అది దేనికిచ్చారో దానికి అర్థం కాదు. ఫినాయిల్ వాసన మన ముక్కును మాత్రమే నమ్మిస్తుంది, కుక్కకు పాత వాసన తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఎంజైములున్న క్లీనర్ వాడాలి. పలకరించడానికి మీరు వంగినప్పుడే చుక్కలు పడితే అది భయం, తిట్టితే ముదురుతుంది.

గిన్నె దగ్గర గురగుర

నాలుగు కుక్కల మధ్య విస్తరాకు కోసం పోరాడి బతికిన ప్రాణి తన తిండిని కాచుకోవడంలో వింతేమీ లేదు. గిన్నె లాక్కుని యజమాని ఎవరో చూపించాలనే పాత సలహా దాని భయాన్ని నిజం చేస్తుంది. దానికి బదులు దూరం నుంచి అంతకంటే రుచికరమైన ముక్క విసిరి వెళ్లిపోతుంటే, మనిషి దగ్గరికి రావడం లాభమేనని అది క్రమంగా నేర్చుకుంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకూడదు; ఆ హెచ్చరికను నోరు నొక్కి మాన్పిస్తే అది హెచ్చరించకుండానే కరుస్తుంది. అంతవరకు ఇంట్లోని చిన్నపిల్లలను గిన్నె దరిదాపులకు రానివ్వకూడదు. పన్ను గీరినా సరే, ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పట్టీ వదిలించుకుని పారిపోవడం

నాటు కుక్క తల సన్నగా ఉండటంతో మెడపట్టీ సులువుగా ఊడిపోతుంది. ఛాతీ చుట్టూ కట్టే, ఒంటికి సరిపోయే హార్నెస్‌ను, ఫోన్ నంబరు రాసిన మెడపట్టీని కలిపి వాడాలి. దీపావళి రోజుల్లో చీకటి పడకముందే తిప్పి తీసుకురావాలి.

అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం

పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించజాలవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే టీకా కార్డు చూపించి, మలం మీరే ఎత్తివేస్తుంటే ఆ కాగితం తీయాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

తాత్కాలికంగా తెచ్చిన కుక్కను పంపబుద్ధి కాకపోవడం

మంచం కింద వణికిన కుక్క ఇప్పుడు సోఫా మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతుంటే, తోక చప్పుడుకే ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే ఈ సమస్య తప్పదు, నిజానికి ఇంతటి ఆనందం వల్ల వచ్చే సమస్య మరొకటి లేదు. జీవితాంతం పోషించే స్తోమత, సమయం ఉంటే ఉంచేసుకోవచ్చు. లేకపోతే మీ ఇంట్లో ఖాళీ అయిన ఆ మూల మరో కుక్క కోసం ఎదురుచూస్తోందని గుర్తుంచుకుని పంపాలి. పంపేటప్పుడు దాని దుప్పటిని ఉతకకుండా వెంట ఇవ్వాలి, తెలిసిన వాసన కొత్త ఇంట్లో దానికి ధైర్యాన్నిస్తుంది. టీకా కార్డుతో పాటు, ఏ వేళకు తింటుందో, వేటికి భయపడుతుందో, ఏ పేరుకు పలుకుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టాలి.