ఇంట్లోని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం ఎలా?

ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ పాస్‌వర్డ్‌కూ, పక్కనున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కూ ఏ సంబంధమూ లేదు. డిస్క్‌ను తీసుకెళ్లి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. ఆధార్, పాన్ కాపీలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫొటోలు అన్నీ మనం దాచేది అందులోనే. బస్సులో బ్యాగు పోతే ఇవన్నీ ముక్కూమొహం తెలియని వాళ్ల చేతిలో పడతాయి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌లో మాత్రం పాస్‌వర్డ్ లేనివాళ్లకు అర్థంపర్థం లేని డేటా తప్ప ఏమీ దొరకదు.

మీ కంప్యూటర్‌కు ఏది సరిపోతుంది?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి మీది ఏ విండోస్ ఎడిషనో చూడండి. ప్రో అయితే డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ అందులోనే ఉంటుంది. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి బిట్‌లాకర్ ఆన్ చేయండి, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ మర్చిపోతే డిస్క్‌ను తెరవడానికి 48 అంకెల రికవరీ కీ వస్తుంది, దాన్ని ప్రింట్ తీసి దాచండి. ఇప్పటికే వాడిన డిస్క్ అయితే మొత్తం డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్, తర్వాత కంపాటబుల్ మోడ్ ఎంచుకోండి. అంతే. మ్యాక్‌లో అయితే డిస్క్ యుటిలిటీ ఈ పని చేస్తుంది.

ఇళ్లలో వాడే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమ్ ఎడిషన్. బిట్‌లాకర్‌తో ముందే ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌ను అది తెరవగలదు కానీ కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయలేదు. దానికోసం డబ్బు పెట్టి ప్రో కొనక్కర్లేదు. వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2014లో ఆగిపోయిన ట్రూక్రిప్ట్ కోడ్ ఆధారంగా తయారైంది, విండోస్‌తో పాటు మ్యాక్, లినక్స్ మీదా నడుస్తుంది. దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి.

మొదలుపెట్టే ముందు

డిస్క్‌లో ఉన్నదంతా వేరే చోటికి కాపీ చేయండి, ఎందుకంటే కింద చెప్పే వెరాక్రిప్ట్ పద్ధతిలో అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు, ఒకటి రెండు పీడీఎఫ్‌లు తెరిచి చూడండి. ఉన్న ఫైళ్లను అలాగే ఉంచి ఎన్‌క్రిప్ట్ చేసే దారి కూడా వెరాక్రిప్ట్‌లో ఉంది. మధ్యలో కరెంటు పోతే వచ్చే టెన్షన్ తలచుకుంటే నేను దాన్ని ఎవరికీ సలహా ఇవ్వను.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌ను టీవీకి పెడితే సినిమాలు రావు. ఆ అవసరం కూడా ఉంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్‌ను రెండు పార్టిషన్లు, అంటే రెండు భాగాలు చేసి, కాగితాలు, ఫొటోలు ఉండే దాన్నే ఎన్‌క్రిప్ట్ చేయండి.

ఇక పాస్‌వర్డ్. 20 అక్షరాలకు తగ్గితే వెరాక్రిప్టే హెచ్చరిస్తుంది. పుట్టినతేదీలు, పిల్లల పేర్లు, సామెతలు, పాటల పల్లవులు వద్దు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకుంటే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. బీరకాయ, గొడుగు, సున్నం, మేడమెట్లు ఇలాంటివి. వీటినే వాడకండి, మీవి మీరు వెతుక్కోండి.

అసలు పని

వెరాక్రిప్ట్ తెరిచి క్రియేట్ వాల్యూమ్ నొక్కండి. మూడు దారులు చూపిస్తుంది. రెండోది, నాన్ సిస్టమ్ పార్టిషన్ అని ఉన్నది ఎంచుకోండి. మూడోది విండోస్ ఉన్న డిస్క్‌కు సంబంధించింది, దాని జోలికి పోవద్దు. తర్వాత స్టాండర్డ్ వాల్యూమ్.

సెలెక్ట్ డివైస్ దగ్గర నిదానించండి. పేర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. సైజు చూసి మీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను పోల్చుకుని, దాని కింద ఉన్న పార్టిషన్‌ను ఎంచుకోండి. అనుమానంగా ఉంటే మిగతా పెన్‌డ్రైవ్‌లు తీసేసి మళ్లీ చూడండి. ఇక్కడ పొరపడితే వేరే డిస్క్ చెరిగిపోతుంది.

తర్వాత ఎన్‌క్రిప్ట్ చేసి ఫార్మాట్ చేసే ఆప్షన్ తీసుకోండి. ఏఈఎస్, షా 512 అని ఉన్నవాటిని మార్చకండి. పాస్‌వర్డ్ రెండుసార్లు ఇవ్వండి. పెద్ద ఫైళ్లు పెడతారా అంటే ఎస్ అనండి. ఫైల్ సిస్టమ్‌గా విండోస్‌లోనే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో కూడా తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఆ కిటికీలో మౌస్‌ను ఇష్టమొచ్చినట్టు కాసేపు తిప్పండి, ఎన్‌క్రిప్షన్ కీ తయారీలో ఆ కదలికలను వాడుకుంటుంది.

క్విక్ ఫార్మాట్‌కు టిక్ పెట్టకండి. అది పెడితే పని త్వరగా అయిపోతుంది గానీ, పాత ఫైళ్ల ఆనవాళ్లు డిస్క్ మీద అలాగే మిగిలిపోతాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. పూర్తి ఫార్మాట్‌కు సెకనుకు 100 ఎంబీ వేగంతో రాసే 1 టీబీ డిస్క్ దాదాపు మూడు గంటలు తీసుకుంటుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ అయితే రాత్రంతా పట్టొచ్చు. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంచి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి వదిలేయండి.

రోజూ వాడేటప్పుడు

డిస్క్ తగిలించగానే విండోస్ దాన్ని చదవలేక, ఫార్మాట్ చేస్తేనే వాడగలరని అంటుంది. ప్రతిసారీ క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ పాడైందనుకుని ఫార్మాట్ నొక్కితే డేటా పోతుంది. ఇంట్లో ఆ కంప్యూటర్ వాడే అందరికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కున్న డ్రైవ్ లెటర్ తీసేస్తే ఈ ప్రశ్న రావడమే ఆగుతుంది.

తెరవడానికి వెరాక్రిప్ట్‌లో ఒక అక్షరం ఎంచుకుని, సెలెక్ట్ డివైస్‌తో పార్టిషన్ చూపించి, మౌంట్ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి. కొన్ని సెకన్లు ఆలస్యమైతే కంగారు పడకండి, అది కావాలని పెట్టిందే. పాస్‌వర్డ్ నుంచి కీని తయారుచేయడానికి లెక్కను 5 లక్షల సార్లు తిప్పుతుంది. మీకు పోయేవి కొన్ని సెకన్లే, కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే దొంగకు మాత్రం ప్రతి ప్రయత్నానికీ అదే భారం పడుతుంది. పని అయ్యాక అన్‌మౌంట్ చేసి, తర్వాతే వైరు తీయండి. పాత వెర్షన్లలో ఆ బటన్ పేరు డిస్‌మౌంట్.

డిస్క్ తెరిచి ఉన్నంతసేపూ వైరస్‌లకు కూడా అది మామూలు డిస్కే. ఎన్‌క్రిప్షన్ దొంగతనం నుంచి కాపాడుతుంది గానీ వైరస్ నుంచీ, డిస్క్ చెడిపోవడం నుంచీ కాదు. అందుకే అదే డేటా ఇంకో డిస్క్‌లో కూడా ఉండాలి, ఆ రెండోదాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయాలి.

ఇంకో పని తప్పకుండా చేయండి. వెరాక్రిప్ట్ టూల్స్‌లో బ్యాకప్ వాల్యూమ్ హెడర్ అని ఉంటుంది. డిస్క్‌ను తెరిచే అసలు కీ ఆ హెడర్‌లోనే ఉంటుంది. ఆ కొద్దిచోటు దెబ్బతింటే పాస్‌వర్డ్ తెలిసినా ఫైళ్లు రాకపోవచ్చు. ఆ బ్యాకప్ ఫైలును వేరే చోట దాచండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కొత్తగా ఇంకోటి తీసుకుని పాతది చెరిపేయండి, ఎందుకంటే పాతది పాత పాస్‌వర్డ్‌తోనే డిస్క్‌ను తెరుస్తుంది.

వెరాక్రిప్ట్‌లో ఫర్గాట్ పాస్‌వర్డ్ బటన్ లేదు, ఏ రిపేర్ షాపూ ఈ డిస్క్‌ను తెరవలేదు. కాబట్టి పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, డిస్క్‌తో పాటు కాకుండా విడిగా, ఇంటి దస్తావేజులు పెట్టే చోట ఉంచండి. ఆ కాగితం ఎక్కడుందో, దాంతో ఏం చేయాలో ఇంట్లో ఇంకొకరికి చెప్పి, వాళ్ల చేత ఒకసారి డిస్క్ తెరిపించండి. ఆ తర్వాతే ముందు తీసిన పాత కాపీలను చెరపండి.