మంచు సరస్సు నుంచి దిగేటప్పుడు మళ్లీ కొలవండి

2022 డిసెంబర్ 26న అరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ క్యానియన్ సరస్సు మీద నడుస్తూ, మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు పోయారు. చలికాలం వస్తే మా బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో ఆ మాట ఇప్పటికీ వస్తుంది. అంటార్కిటికా సరస్సుల నీళ్లు పరీక్షించడానికి వేసవి బృందంలో వెళ్తామనే పిల్లలు మన వైపూ ఉన్నారు. ఒడిశా కొండల్లోని దారింగిబాడిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేదే మనం ఎరిగిన మంచు. అందుకని రాస్తున్నా.

బట్టలు, కళ్లద్దాల సంగతి వెళ్లేముందు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఇచ్చే మంచు శిక్షణలో చెబుతారు. నాది ఒక్కటే మాట: పొద్దున ఎక్కిన చోటే కదా అని, కొలవకుండా సాయంత్రం దిగొద్దు.

అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో కొన్ని సరస్సుల మీద ఏడాది పొడవునా 3 నుంచి 5 మీటర్ల మంచు ఉంటుంది. వేసవిలో వాటికీ ఒడ్డు కరిగి, చుట్టూ కందకంలా నీటిపట్టీ తేలుతుంది. ఒడ్డున రాళ్లు ఎండకు కాగుతాయి, హిమానీనదాల నీళ్లూ ఒడ్డు మీదుగానే వచ్చి పడతాయి. పొద్దు గుంకదు కాబట్టి కరగడం ఆగదు. నడిమధ్య నిబ్బరంగా పని ముగించినవాళ్లు ఒడ్డుకు నాలుగడుగుల్లో దిగబడటం చూశాను. నడిమధ్య కొలిచిన అంకె ఒడ్డుకు చెల్లదు. పొద్దున్నది సాయంత్రానికి చెల్లదు.

మందం ఒక్కటే చూసినా చాలదు. గాజులా ఉన్న గట్టి మంచు 10 సెంటీమీటర్లుంటే ఒక మనిషిని మోస్తుందని లెక్క. పాలలా తెల్లగా ఉంటే బలం సగమే. ఎండకు నిలువు పుల్లలుగా విడిపోతున్న మంచును ఎంత మందమున్నా నమ్మొద్దు. ఉప్పు సరస్సు మంచులో ఉప్పునీరు చిక్కుకుని ఉంటుంది, అది ఇంకా బలహీనం.

పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. అది సర్దుకునేదాకా ముఖం నీళ్ల పైన ఉంచుకోండి. చేతులు మాట వినేది ఇంచుమించు పది నిమిషాలే. వచ్చిన వైపుకే తిరిగి, కాళ్లు వెనక్కి తన్నుతూ పైకి పాకండి. లేచి నిలబడొద్దు, దొర్లండి. మంచులో గుచ్చుకునే మేకుల జత మెడలో ఉండాలి, సంచిలో కాదు.

ఇక నీళ్ల పని. నమూనాలు పైనుంచి కిందికి తీయండి, లేకపోతే పొరలు కలిసిపోతాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సీసా ముందు నింపండి, బుడగ లేకుండా, మూతిదాకా. దాన్ని గడ్డకట్టనివ్వొద్దు. మిగతా సీసాల్లో కాస్త ఖాళీ వదలండి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. అడుగు చల్లగానే ఉంటుందనుకోవద్దు: ఆ పొడి లోయల్లోని వాండా సరస్సు అడుగున ఉప్పునీరు సుమారు 25 డిగ్రీలు. పెట్రోలు డబ్బా నమూనా తీసే మంచు రంధ్రం దరిదాపుల్లో ఉండకూడదు. 2012లో అంటార్కిటికా మంచు కింద 3,769 మీటర్ల లోతున వోస్తోక్ సరస్సును అందుకున్న బోరులో కిరసనాయిలు ఉంది, ఆ నమూనాలు కలుషితమయ్యాయా అన్న తగవు ఏళ్లకేళ్లు సాగింది. ప్రియదర్శిని సరస్సు అంటార్కిటికాలోని మన దేశపు మైత్రి కేంద్రం తాగునీరు, అందులో చెయ్యి కూడా కడగొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు. తాడు లేకుండా వెళ్లొద్దు. ముందువాడు దాటాడని దాటొద్దు. దిగేముందు అంచు కొలవండి. పొద్దుటి అంకె నోట్‌బుక్‌లో ఉందా? ఉండనీండి, మళ్లీ కొలవండి. సీసాల స్లెడ్జి ఒడ్డు దగ్గర దిగబడితే వదిలేయండి. అంచు విడిపోయి కనిపిస్తే దూకే ఆలోచన వద్దు. వెనక్కి, గట్టి మంచు మీదికి వెళ్లి వైర్‌లెస్‌లో కేంద్రానికి చెప్పండి. పడవ వచ్చేదాకా అక్కడే ఉండండి.