వాన పడకముందే ఆగండి: కొండదారుల్లో బైక్ మీద దూరం వెళ్లేవాళ్లకు

ఒకసారి కనుమ మీద, వాన వెలిశాక, బైక్ ఆపి జాకెట్ జిప్పు పైకి లాగబోయాను. వేళ్లు జిప్పు మీదే ఉన్నాయి. కానీ పట్టు దొరికిందో లేదో నాకు తెలియడం లేదు. మూడుసార్లు జారిపోయింది. వెనకాలే వస్తున్న మా తమ్ముడు తన బండి దిగొచ్చి, చిన్నపిల్లాడికి వేసినట్టు నాకు జిప్పు వేశాడు. "అన్నయ్యా, కింద మలుపులోనే మబ్బు కనబడింది కదా, అప్పుడే ఎందుకు ఆగలేదు?" అన్నాడు. ఇంకో అరగంటలో పైకి చేరిపోతాం, ఈలోపు పడదులే అనుకున్నాను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు. అవే వేళ్లతో అంతదూరం బ్రేకు, క్లచ్ నొక్కుకుంటూ వచ్చానని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. రెయిన్‌కోటు చినుకు పడ్డాక కాదు, గాలి మారగానే వేసుకుంటాను. వెచ్చగా ఉన్న గాలి ఉన్నట్టుండి చల్లగా మొహానికి కొట్టినా, తడి మట్టి వాసన వచ్చినా, ఎదురొచ్చే బండ్ల మీద నీటిబొట్లు కనబడినా వెంటనే ఆగుతాను. ఎదురొచ్చే బండ్లు అన్నిటికన్నా నమ్మకమైన వార్త. వాళ్లు మీరు వెళ్లబోయే చోటునుంచే వస్తున్నారు. వానే పడకపోతే పోయిందేముంది, పావుగంట చెమట పడుతుంది.

చలిని ఇంత గట్టిగా ఎందుకు పట్టించుకోవాలో ఒక చిన్న లెక్క చెబుతాను. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 25 డిగ్రీలుంటే 3000 మీటర్లు ఎక్కేసరికి 5 డిగ్రీల దగ్గరికి వచ్చేస్తాం. ఆ 5 డిగ్రీల్లో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 2 డిగ్రీల్లా అనిపిస్తుంది. ఇదంతా పొడిగా ఉన్న ఒంటికే. బట్టలు తడిస్తే ఈ లెక్క ఇంకా ఘోరంగా మారుతుంది. అందుకే లోపల కాటన్ బనియను వద్దంటాను. అది చెమటను, నీళ్లను పీల్చుకుని ఒంటికి అతుక్కుపోయి వేడిని లాగేస్తుంది. ఉన్ని గానీ, తొందరగా ఆరే సింథటిక్ బట్ట గానీ వేసుకోండి. ఒక్క మందపాటి జాకెట్ కన్నా పల్చటివి రెండు మూడు పొరలు మేలు, ఎక్కేకొద్దీ వేసుకోవచ్చు, దిగేకొద్దీ తీసేయొచ్చు.

రెయిన్‌కోటు బ్యాగులో అన్నిటికన్నా పైన ఉండాలి. సామాను మొత్తం విప్పితే గానీ అది బయటికి రాదంటే మనం ఆగం, బద్ధకిస్తాం. దాని చేతుల అంచులు గ్లౌజుల మీదికి రావాలి, లోపలికి కాదు. లోపలికి దోపితే చేతిమీదుగా జారే నీళ్లన్నీ నేరుగా గ్లౌజులోకి దిగుతాయి. ప్యాంటు కూడా అంతే, బూటు పైనుంచి రావాలి. ఇంకో జత గ్లౌజులు, రెండు జతల మేజోళ్లు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకోండి. బూట్లలోకి నీళ్లు దిగాయనుకోండి, పొడి మేజోళ్లు వేసుకుని, వాటి మీద పాలిథిన్ కవర్లు తొడిగి, అప్పుడు బూటు వేసుకోండి. చూడ్డానికి బాగోదు కానీ పాదాలు బతుకుతాయి.

బయలుదేరే వేళ కూడా ముఖ్యమే. ఎండకు కొండవాలు వేడెక్కి, ఆ గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. కాబట్టి ఎత్తైన కనుమను మధ్యాహ్నం లోపే దాటేలా తెల్లవారగానే బయలుదేరండి. మంచు కరిగి పారే వాగులు కూడా పొద్దున్న తక్కువగా ఉండి, సాయంత్రానికి పొంగుతాయి. మైదానంలో రోజుకు ఎంత దూరం వెళ్తారో అందులో సగమే ఇక్కడ లెక్క వేసుకోండి. ఎన్ని గంటలకల్లా పైకి చేరకపోతే వెనక్కి తిరగాలో కిందే నిర్ణయించుకోండి. పైన, చలిలో, ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేం.

ఇక రోడ్డు సంగతి. చాలా రోజుల తర్వాత వాన పడితే మొదటి కొద్ది నిమిషాలు మరీ ప్రమాదం, దుమ్ము, నూనె మరకలు నీళ్లతో కలిసి జారుడుగా మారతాయి. తెల్ల గీతలు, వంతెనల మీది ఇనుప పట్టాలు, రాలిన ఆకులు, నీడలో నాచు, వీటి మీద బ్రేకు వేయకండి, బండి వంచకండి. వేగం తగ్గించే పనంతా మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి. బ్రేకు పట్టుకునే దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

నాకు అన్నిటికన్నా భయం నీడపట్టు మలుపుల్లోని పల్చటి మంచుపొర. రోడ్డు తడిగా మెరుస్తోంది, కానీ ముందు బండి చక్రాల నుంచి నీళ్లు చిమ్మడం లేదంటే అది నీరు కాదు, గడ్డకట్టిన మంచు కావచ్చు. దాని మీదికి వెళ్లిపోతే బ్రేకు ముట్టుకోవద్దు, యాక్సిలరేటర్ మార్చొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. తిన్నగా, నెమ్మదిగా దాటేయండి.

పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు మన కళ్లకే తిరిగి కొడుతుంది, లోబీమే వాడండి. ఏమీ కనబడకపోతే రోడ్డు అంచున కాదు, రోడ్డు పూర్తిగా వదిలి ఆగండి. హెల్మెట్ వైజర్ (ముందున్న అద్దం) లోపల ఆవిరి పడుతుంటే పిన్‌లాక్ షీటు, అంటే ఆవిరి పట్టకుండా లోపలివైపు బిగించే పల్చటి పొర, పెట్టించుకోండి. అది లేకపోతే ఒక చుక్క సబ్బు రాసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచేసినా కొంతసేపు పనిచేస్తుంది.

మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే పిడుగు మీ దగ్గరిదాకా రాగలదు. రబ్బరు టైర్లు కాపాడతాయనేది అపోహ. భవనంలోకి గానీ, పైకప్పున్న కారులోకి గానీ వెళ్లండి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే కదలండి.

తోడు వచ్చినవాళ్లను గమనిస్తూ ఉండండి. వణుకు, మాట తడబడటం, బండి స్టాండు వేయడానికి తంటాలు పడటం, ఇవి ఒంట్లో వేడి పడిపోతోందనడానికి గుర్తులు. అలాంటి మనిషి "నేను బాగానే ఉన్నాను" అంటాడు. నమ్మకండి. ఇంకా చలిలోనే ఉన్నా వణుకు ఆగిపోయిందంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు, వెంటనే వైద్యసాయం కావాలి. తడి బట్టలు విప్పించి, పొడివి వేసి, మింగగలిగే స్థితిలో ఉంటే వేడిగా, తియ్యగా ఏదైనా తాగించండి. మద్యం మాత్రం పొయ్యొద్దు, అది ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది. బాగా ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి ఎక్కవద్దు. తూలుతున్నా, ఊరికే కూర్చున్నా ఆయాసపడుతున్నా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అప్పుడే కిందికి దించేయండి.

రాత్రి ఎంత అలసిపోయినా రెండు పనులు మానకండి. వాన చైన్ లూబ్‌ను (చైన్‌కు వేసే నూనెను) కడిగేస్తుంది కాబట్టి చైన్ తుడిచి మళ్లీ లూబ్ కొట్టండి. గ్లౌజులను మంట పక్కన, సైలెన్సర్ మీద పెట్టకండి, తోలు బిగుసుకుపోయి పగులుతుంది. ఒక్కో వేల్లోకి నలిపిన న్యూస్‌పేపర్ దూర్చి, పడుకోబోయే ముందు దాన్ని తీసేసి మళ్లీ పొడి కాగితం పెట్టండి.