పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ బైకుతో దూరం వెళ్లే ముందు

ట్యాంకు అడుగంటే దాకా నడపకండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ అంటే పెట్రోలును ఒత్తిడితో ఇంజిన్‌లోకి చిమ్మే పద్ధతి. ఇలాంటి చాలా బైకుల్లో పెట్రోలును తోసే ఫ్యూయల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. పెట్రోలు బాగా తగ్గితే పంపు వేడెక్కుతుంది. కొత్త పంపు ఖర్చు సామాన్యంగా ఉండదు.

తాళం తిప్పగానే పంపు శబ్దం రెండు మూడు సెకన్లు వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్చు) చూడండి. పంపు కొనడానికి తొందరపడవద్దు.

పెట్రోలు గొట్టాన్ని వంచి పగుళ్లు వెతకండి. లోపలి ఒత్తిడి సాధారణంగా 3 బార్ దాకా ఉంటుంది. సన్నని పగులు చాలు, పెట్రోలు వేడి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. మార్చాల్సి వస్తే ఇంజెక్షన్ బళ్ల కోసం చేసిన గొట్టమే వేయించండి. ఇక్కడ మాత్రం సర్దుకుపోవద్దని నా గట్టి మాట.

రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపితే ఛార్జి చేయించండి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసినా లాభం లేదు, పంపుకు, ఈసీయూకు (ఇంజెక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటరుకు) కరెంటు అందదు.

థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) మీద రంగు పూసిన స్క్రూలు ముట్టుకోకండి. అవి ఫ్యాక్టరీ అమరికలు.

వైరు కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉంటే శుభ్రం చేయండి.