క్యాజువాల్టీలో నొప్పి కేసు: ఏ టెస్టు ముందు రాయాలి?

హౌస్ సర్జన్లుగా కొత్తగా క్యాజువాల్టీ డ్యూటీ పడ్డవాళ్లు నొప్పి అని వినగానే సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), ఎక్స్‌రే, స్కాన్ అన్నీ టిక్కులు కొట్టేస్తారు. అలా వద్దు. ముందు పేషెంటు మీద చెయ్యి వేసి చూడండి, ఏ జబ్బని అనుమానమో అనుకుని, దాన్ని తేల్చే టెస్టే రాయండి.

ఈసీజీ ఒక్కటి దీనికి మినహాయింపు. పెద్దవాళ్లలో దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడ నొప్పన్నా, వచ్చిన 10 నిమిషాల్లో తీసేయాల్సిందే. "గ్యాస్ పట్టేసింది డాక్టర్‌గారూ, సోడా తాగినా తగ్గలేదు" అంటూ పైపొట్ట మీద అరచెయ్యి రాసుకుంటూ వస్తారు, చూస్తే చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. అది గుండెపోటు కావచ్చు, అలాంటాయనకి పాంటాప్ (ఎసిడిటీ మందు) ఇంజెక్షన్ ఇచ్చేసి పంపితే కొంప మునుగుతుంది. ఈసీజీలో గుండె కింది భాగాన్ని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ (గుండెపోటులో పైకి లేచే గీత భాగం) లేస్తే ఛాతీ కుడివైపు పెట్టే వీ4ఆర్ లీడ్ కూడా తీయండి, కుడి జఠరిక దెబ్బతిని ఉంటే నైట్రేట్ (రక్తనాళాల్ని వెడల్పు చేసే మందు) ఇస్తే బీపీ ధడాలున పడిపోతుంది. ఎస్‌టీ స్పష్టంగా లేచాక ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రిపోర్టు కోసం ఎదురుచూడడం దండగ, కార్డియాలజీకి ఫోన్ చేయండి. మొదటి ఈసీజీ నార్మలే అయినా నొప్పి తగ్గకపోతే కాసేపాగి మళ్లీ తీయాలి. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ కూడా ఒకసారితో సరిపెట్టకుండా 1 నుంచి 3 గంటల్లో రెండోసారి పంపండి.

డీ-డైమర్ (రక్తం గడ్డకట్టిందేమో చూసే రక్తపరీక్ష) అందరికీ రాయకండి. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందన్న అనుమానం బలంగా లేనప్పుడే అది పనికొస్తుంది, బలంగా ఉంటే నేరుగా సీటీ యాంజియోనే.

ఇక పొట్ట. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లయితే అన్నిటికన్నా ముందు యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్. పెళ్లి కాలేదన్నా సరే, వాళ్లమ్మని కాసేపు బయట ఉండమని ఆ అమ్మాయినే మెల్లగా అడిగి, ఒప్పించి చేయండి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పికి అల్ట్రాసౌండ్. అపెండిక్స్ అనుమానమైతే పిల్లలకీ గర్భిణులకీ అల్ట్రాసౌండ్, మిగతా పెద్దవాళ్లకి తేలకపోతే సీటీ. పాంక్రియాస్ వాపు అనుమానమైతే రక్తంలో లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్) నార్మల్ గరిష్ఠానికి మూడు రెట్లు పెరిగి, నొప్పి కూడా పాంక్రియాస్ నొప్పిలాగే ఉంటే చాలు, మొదటిరోజే సీటీ అక్కర్లేదు. పొట్ట చెక్కలా బిగుసుకుంటే నిలబెట్టి చెస్ట్ ఎక్స్‌రే తీయండి, డయాఫ్రమ్ కింద గాలి (కడుపుకో పేగుకో చిల్లు పడ్డ గుర్తు) కనిపించకపోయినా అనుమానం పోకపోతే సీటీకి పంపండి.

వాంతులతో వచ్చిన షుగర్ పేషెంట్‌కి మాత్రం సర్జన్‌ని పిలిచేలోపే గ్లూకోమీటర్‌తో ఒక చుక్క, కీటోన్లకి ఒక స్ట్రిప్ చూసేయండి. డీకేఏలో (షుగర్ అదుపు తప్పి రక్తంలో కీటోన్లు పేరుకుపోయే స్థితి) కూడా కడుపు అచ్చం ఆపరేషన్ కేసులాగే నొప్పెడుతుంది.