ఆర్డ్యునోతో సరళీ వరసలు: పాసివ్ బజర్ మీద స్వరాలు

ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో సరళీ వరసలు పలికించాలంటే ముందు బజర్ సంగతి తేల్చుకోవాలి. దుకాణంలో ఒకేలా కనిపించే నల్లటి గుండ్రటి బజర్లు రెండు రకాలు. యాక్టివ్ బజర్‌లో ఆసిలేటర్ (కంపనాలు పుట్టించే సర్క్యూట్) లోపలే ఉంటుంది. కరెంటు తగిలితే చాలు, ఒకే శ్రుతిలో కూస్తుంది. దానితో స్వరాలు రావు. మనకు కావలసింది పాసివ్ బజర్. ఒక కాలు గ్రౌండ్‌కి కలిపి, రెండో కాలిని 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు క్షణం పాటు తాకించండి. కూత వస్తే యాక్టివ్, 'టిక్' మని ఊరుకుంటే పాసివ్.

ఆర్డ్యునో ఉనో ఆర్3 బోర్డులో 8వ పిన్ను నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత బజర్ ప్లస్ కాలు, మైనస్ కాలు గ్రౌండ్‌కి. రెసిస్టర్ మాత్రం మానకండి. కాయిల్ ఉన్న పాసివ్ బజర్ నిరోధం చాలావాటిలో 16 ఓమ్‌లే. నేరుగా కలిపితే లెక్క ప్రకారం 300 మిల్లీఆంపియర్లు దాటుతుంది. ఆ పిన్నుకు గరిష్ఠ పరిమితి 40. రెసిస్టర్ ఉంటే 21 దగ్గర ఆగుతుంది. 8 ఓమ్‌ల స్పీకరుకైనా ఇదే జాగ్రత్త.

ఇక ప్రోగ్రాము. టోన్ ఆదేశానికి వరసగా పిన్ను నంబరు, హెర్ట్జ్, మిల్లీసెకన్లు ఇవ్వాలి. హెర్ట్జ్ పూర్ణాంకమే కావాలి. అందుకే షడ్జమం 480 పెట్టుకోమంటాం: సరళీ వరసలు పాడే మాయామాళవగౌళ రాగం స్వరాలన్నీ భిన్నాలు లేకుండా వస్తాయి. స 480, రి 512, గ 600, మ 640, ప 720, ద 768, ని 900, పై స 960. వీటిని ఒక అర్రేలో (విలువల జాబితాలో) ఉంచి, లూప్‌తో ఎక్కించి దించితే మొదటి సరళీ వరస సిద్ధం. 240 నుంచి మొదలుపెట్టినా లెక్క సరిపోతుంది గానీ, చిన్న బజర్లు కింది స్వరాలను బాగా నీరసంగా పలుకుతాయి.

చివరి స్వరం ఒక్కటే వినిపిస్తోందా? టోన్ ఆదేశం శబ్దాన్ని మొదలుపెట్టి వెంటనే తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది, స్వరం పూర్తయ్యేదాకా ఆగదు. స్వరం 400 మిల్లీసెకన్లయితే, ఆ వెంటనే 500 డిలే ఇవ్వండి. ఆ మిగిలిన 100 లేకపోతే జంట వరసల్లో 'స స' రెండూ అతుక్కుపోయి ఒకే దీర్ఘంగా వినిపిస్తాయి. 3, 11 పిన్నులకు ఎల్‌ఈడీ పెట్టి పీడబ్ల్యూఎంతో (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతితో) వెలుగు తగ్గిస్తుంటే అది గాడి తప్పుతుంది. ఆ రెండు పిన్నుల పీడబ్ల్యూఎంని నడిపేది చిప్‌లోని టైమర్ 2, టోన్ వాడేది కూడా దాన్నే. ఎల్‌ఈడీని 5 లేదా 6కి మార్చండి. రెండు పిన్నుల మీద ఒకేసారి రెండు స్వరాలు మాత్రం టోన్‌తో కుదరవు.

శబ్దం చాలకపోతే 2ఎన్2222 ట్రాన్సిస్టర్ వాడండి. 8వ పిన్ను నుంచి బేస్‌కి 1 కిలో ఓమ్, ఎమిటర్ గ్రౌండ్‌కి. 5 వోల్టుల నుంచి 47 ఓమ్‌లు, బజర్, కలెక్టర్ ఈ వరసలో. బజర్ రెండు కాళ్లకూ సమాంతరంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు.

స్వరం నుంచి స్వరానికి జారుడు కావాలంటే 512 నుంచి 600 దాకా 4 హెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టుకూ 5 మిల్లీసెకన్ల డిలేతో, వ్యవధి ఇవ్వకుండా టోన్‌ని మళ్లీ మళ్లీ పిలవండి. 600 చేరాక నోటోన్ ఆదేశం పిలిస్తేనే శబ్దం ఆగుతుంది.